మా చిన్నాయన జల్లెడ, చిన్నమ్మ నీలగిరి

ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, వేంపల్లెలో ఇద్దరు మనుషులు ఎదురుపడితే ‘తిన్నావా’ అని అడగడం మానేసి ‘నీళ్ళొచ్చినాయా’ అని అడిగేవాళ్ళు. వానలు మొహం చాటేశాయి. బోర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోయాయి. ట్యాంకరు వీధి మొదట్లో హారన్ కొడితే చాలు, పూజలో ఉన్నవాళ్ళు గంట పక్కన పెట్టి బిందె అందుకునేవాళ్ళు. తాగడానికే నీళ్ళు లేని అట్లాంటి కాలంలో, నీళ్ళు తాగడంలో పేరుమోసిన నీలగిరి చెట్టును గింజ వేసి పెంచాలని పూనుకున్న ఇల్లు ఊరు మొత్తమ్మీద ఒక్కటే ఉండేది. ఆ ఇంట్లో నేను అద్దె కట్టని అతిథిని. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆ ముచ్చట మొదలంతా నవ్వొస్తుంది. చివరికొచ్చేసరికి ఆ నవ్వు నిలవదు.

మాది నంద్యాల. డిగ్రీ అయ్యాక ఏ ఉద్యోగమూ నన్ను కోరుకోకపోవడంతో నేను పత్రికను కోరుకున్నాను. వాళ్ళు నన్ను వేంపల్లె విలేకరిగా వేశారు. (విలేకరి అంటే పెద్దగా ఊహించుకోకండి. సాయంత్రం దాకా సైకిలు మీద తిరిగి, రాసిన నాలుగు కాగితాలు కవరులో పెట్టి కడప బస్సు డ్రైవరు చేతికిచ్చి, మర్నాడు అందులో ఎన్ని వాక్యాలు బతికాయో చూసుకోవడమే పని.) వేంపల్లెలో మా చిన్నాయనకు కిరాణా అంగడి ఉండేది. ముందు అంగడి, వెనక ఇల్లు, ఇంటి వెనక చిన్న పెరడు. మా నాయన ‘తమ్ముడింట్లో ఉండు, అన్నం దొరుకుతుంది’ అని పంపించాడు. అన్నం దొరికింది. దాంతోపాటు నాకొక పదవి కూడా దొరికింది, చిన్నాయన పొద్దున్నే సరుకు జల్లించేటప్పుడు చేట పట్టుకుని నిలబడే పదవి.

ఊళ్ళో ఆయన్ను ‘జల్లెడ శెట్టి’ అనేవాళ్ళు. కందిపప్పు, పెసలు, ధనియాలు, ఆవాలు, ఏది వచ్చినా జల్లెడ పట్టనిదే ఆయన డబ్బాలో పోసేవాడు కాదు. ఒక్కో దినుసుకు ఒక్కో కన్ను ఉన్న జల్లెళ్ళు గోడకు వరసగా వేలాడుతుండేవి. ‘మా అంగట్లో రాయుండదు, మన్నుండదు, పురుగుండదు, ఎలుక పెంటిక అసలే ఉండదు’ అనేది ఆయన మంత్రం. నా పేపరు కూడా ఆయన జల్లెడకు దొరక్కుండా పోలేదు. పొద్దున్నే నా వార్త చదివి, కళ్ళద్దాల పైనుంచి చూసి, ‘దీంట్లో గింజెంత, పొట్టెంత అప్పా?’ అని అడిగేవాడు. నేను సమాధానం చెప్పేలోపు ఎవరో అరకిలో చక్కెరకు వచ్చేవాళ్ళు. అది నా అదృష్టం.

చిన్నమ్మ సంగతి వేరు. ఆమె మదనపల్లె వైపు మనిషి. వాళ్ళ నాయనకు హార్సిలీ కొండ మీద చూడ్డానికి వచ్చేవాళ్ళకు సోడాలు, బిస్కెట్లు అమ్మే చిన్న అంగడి ఉండేదట. కొండ మీద చల్లటి గాలిలో పెరిగిన పిల్లను తెచ్చి వేంపల్లె ఎండలో పెట్టారు. వాళ్ళకు పిల్లల్లేరు. ఆమె పెద్దగా మాట్లాడేది కాదు గానీ, మాట్లాడితే చిన్నాయన జల్లెడలో కూడా ఒక్క పొట్టు మిగిలేది కాదు. చిన్నాయన అంగట్లో వీధివైపు తిరిగి కూర్చుంటే, వెనక వంటింటి గడప దగ్గర నుంచి ఆమెకు ఆయన వీపే కనిపించేది. తెల్లవారకముందే తలుపు తీసేవాడు, ఊరు నిద్రపోయేటప్పుడు వేసేవాడు. ‘పెండ్లయిన కాడి నుంచి మీ చిన్నాయన మొగం కంటే వీపే ఎక్కువ సూసినా నాయనా. మొగం మర్సిపోయినా వీపును బట్టి గుర్తుపడతా’ అని ఒకసారి నాతో అని నవ్వింది. నేనూ నవ్వాను. అప్పట్లో నాకు అన్నీ నవ్వే విషయాలే.

ఆ ఏడాది ఎండాకాలంలో చిన్నమ్మకు ఆయాసం మొదలైంది. తిరుపతి తీసుకుపోయి చూపిస్తే గుండె పెద్దదయిందన్నారు. ఉప్పు తగ్గించమన్నారు, బరువులు ఎత్తొద్దన్నారు, మెట్లు ఎక్కొద్దన్నారు. చిన్నాయనను ఒక్కడినే లోపలికి పిలిచి ఇంకేదో చెప్పారు. బయటికి వచ్చాక ఆయన అది ఎవరికీ చెప్పలేదు. తిరుగు బస్సులో అందరికీ జామకాయలు కొని, తనది మాత్రం చేతిలోనే పట్టుకుని వేంపల్లె దాకా వచ్చాడు. ఇంటికొచ్చాక చిన్నమ్మను ‘ఏమన్నా తినాలనుందా?’ అని అడిగాడు. పెళ్ళయ్యాక ఆ ప్రశ్న ఆయన నోట వినడం అదే మొదటిసారేమో, ఆమె చాలాసేపు ఆలోచించింది.

‘తినేదేం లేదు. మా ఇంటెనక ఒక నీలగిరి చెట్టుండె. దాని వాసన ఒక్కసారి సూడాలనుంది’ అంది.

చిన్నాయన మొహం వెలిగిపోయింది. అంత తేలికైన కోరిక! అంగట్లోకి పోయి నీలగిరి తైలం సీసా తెచ్చి, తువ్వాలు మీద నాలుగు చుక్కలు వేసి ముక్కు దగ్గర పెట్టాడు. చిన్నమ్మ తల పక్కకు తిప్పింది. ‘ఇది పడిశం వాసన. నేను సెప్పేది ఇది కాదు. అది వేరే జాతి. ఆకు నలిపితే నిమ్మకాయ కోసినట్లుంటాది, దాంట్లో రవ్వంత కర్పూరం కలిపినట్లుంటాది. వాన పడితే ఇల్లంతా అదే వాసన.’ కొండ ఎక్కించడానికి వీల్లేదు. సీసాలో అది దొరకదు. చిన్నాయన కాసేపు సీసావైపు చూసి, అది మోసం చేసినట్టు మూత గట్టిగా బిగించి, ‘అబ్బయ్యా, నువ్వు పోయిరాప్పా’ అన్నాడు.

నేను పోయాను. (ఆఫీసుకు ‘కరువు పరిస్థితుల పరిశీలన’ అని చెప్పాను. కరువు లేని ఊరు ఎక్కడా కనబడలేదు కాబట్టి అది పూర్తిగా అబద్ధం కాదు.) సోడా అంగడి ఎప్పుడో పోయింది. చెట్టు మాత్రం ఉంది. సున్నం కొట్టినట్టు తెల్లటి మాను, తలెత్తి చూస్తే మెడ నొప్పి పుట్టేంత ఎత్తు. కింద రాలిన సన్నటి పొడుగాటి ఆకులు, గాలికి విరిగిపడిన ఓ రెమ్మ, దానికి చిన్న చిన్న కూజాల్లాంటి కాయలు. అన్నీ తువ్వాల్లో మూట కట్టుకుని వచ్చాను. బస్సులో పక్కనున్న ఆయన ‘ఏమప్పా, పచ్చడి తీసుకపోతాండావా?’ అని అడిగాడు.

మూట విప్పగానే చిన్నమ్మ కళ్ళు మూసుకుంది. ఆ ఆకులు దిండు కింద పెట్టుకుంది. రోజూ నలిపి నలిపి, కొన్నాళ్ళకు అవి పొడైపోయాయి. అప్పుడు చిన్నాయనకు కాయలు గుర్తొచ్చాయి. ‘గింజేస్తే మొలకేస్తాది గదా. ఎంత పెద్దదైతే వాసనొస్తాది?’ అని అడిగితే, ‘జానెడు మొక్కకే వస్తాది. పెద్దదానికంటే ఎక్కువే వస్తాది’ అంది చిన్నమ్మ. చిన్నాయన లెక్క వేసుకున్నాడు. డాక్టరు లోపలికి పిలిచి చెప్పిందానికీ, జానెడు మొక్కకూ మధ్య ఆయన మనసులో ఒక పరుగుపందెం మొదలైంది. ఆ సంగతి ఆయన మొహం చూస్తే నాకు కూడా అర్థమైంది.

కాయలు మిరియాల డబ్బా మూత మీద కాగితం పరిచి ఆరబెట్టాడు. కొన్నాళ్ళకు అవి నోళ్ళు తెరిచి లోపలిది రాల్చాయి. ఒక సాయంత్రం, అంగట్లో దీపం పెట్టాక, ఆ కాగితాన్ని నా చేతిలోని చేటలోకి వంచి, గోడ మీదనుంచి అన్నిటికన్నా సన్న కన్నున్న జల్లెడ తీశాడు. రాలినదాంట్లో రెండు రకాలున్నాయి. ఒకటి ఎర్రమట్టి రంగులో సన్నగా, పొడుగ్గా, అన్నీ ఒకే తీరుగా ముచ్చటగా ఉంది, బోలెడంత ఉంది. రెండోది నల్లగా, వంకరటింకరగా, ఒకటి లావు ఒకటి సన్నం, అక్కడక్కడా కొన్నే ఉన్నాయి. ఆ నల్లవాటిని చూడగానే ఆయన నుదురు ముడుచుకుంది.

‘సూడప్పా, ఎలుకలు. కొండ మీద పుట్టినవి గూడా వదల్లేదు.’

‘అవి ఎలుకవేనా చిన్నాయనా?’ అన్నాను.

‘నా జన్మంతా వీటిని ఏరేదానికే సరిపోయింది. నాకు సెప్తావా?’ అన్నాడు. ఆయన చెప్పినదాంట్లో తప్పేం లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ధనియాల్లో, జీలకర్రలో, బియ్యంలో అచ్చంగా అట్లాంటివే ఆయన ఏరి పారేస్తున్నాడు. ఒక్కటి కూడా మిగలకుండా నల్లవన్నీ వేరుచేసి, ఆ పూట అంగడి ఊడ్చిన చెత్తలో పడేశాడు. దీపాలు పెట్టాక ఊడ్చింది గడప దాటిస్తే లక్ష్మి పోతుందని మా ఇళ్ళల్లో పట్టింపు. అందుకని ఆ చెత్త రాత్రంతా మూలనున్న రేకు డబ్బాలో ఉండి, పొద్దున్నే పెరట్లో నీళ్ళ డ్రమ్ము వెనక గోడ మూలకు పోయేది. ఆ పొద్దున కూడా అట్లాగే పోయింది. ఎర్రటి నలుసును మాత్రం చిన్నాయన తెల్ల కాగితంలో పొట్లం కట్టి దేవుడి పటం ముందు పెట్టాడు.

ఇక మట్టి కావాలి. ఎదురింట్లో మేమంతా ‘బోర్ల రెడ్డి’ అని పిలుచుకునే రైతు ఉండేవాడు. చేన్లో బోరు మీద బోరు వేయించి, భూమిలో నీళ్ళు తప్ప మిగతావన్నీ చూసిన మనిషి. ఎర్రమట్టి బస్తా తనే సైకిలు మీద తెచ్చి దించాడు. దించాక అడిగాడు, దేనికని. చెప్పాం. ఆయన తిరిగి బస్తా పైకెత్తబోయాడు.

‘నీలగిరా? నీకేమన్నా మతుండాదా శెట్టీ? అది యాడుంటే ఆడ భూమిలో తడంతా పీలుస్తాది. ట్యాంకరు రాని పొద్దు ఈ వీధికి ఆ మూలనుండే కొళాయి ఒకటే దిక్కు.’

‘నూనె డబ్బాలో పెడతాండా రెడ్డీ. డబ్బా అడుగున బోరుండదులే.’

‘రేపు పెద్దదైతే? నా బోర్ల నీళ్ళన్నీ తాగితే ఎవరు జవాబు?’

‘నీ బోర్లో ఉంటే గదా తాగేదానికి’ అన్నాడు చిన్నాయన.

రెడ్డి బస్తా మూతి మళ్ళీ పట్టుకున్నాడు. లోపలి నుంచి చిన్నమ్మ దగ్గు వినిపించింది. ఆయన బస్తా అక్కడే వదిలేసి, ‘మట్టి బాగా సల్లించు, గడ్డలుంటాయి’ అని చెప్పి వెళ్ళిపోయాడు. జల్లెడ శెట్టికే జల్లించమని చెప్పిన మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

నూనె డబ్బా పై రేకు కోసి, మట్టి నింపి, పొట్లంలోని ఎర్రదంతా చల్లి, వెనక వరండా మెట్టు పక్కన పెట్టాం. చిన్నమ్మ కోసం మా అమ్మ మహానంది కోనేటి నీళ్ళు సీసాలో పట్టి పంపిస్తే, సగం చిన్నమ్మకూ సగం డబ్బాకూ పోశాడు మా చిన్నాయన. రోజూ పొద్దున్నే ముందు డబ్బా చూసి, తర్వాతే అంగడి తీసేవాడు. మొదట్లో నిలబడే చూసేవాడు. తర్వాత వంగి చూశాడు. ఆ తర్వాత మెట్టు మీద కూర్చున్నాడు. చిన్నమ్మ కాఫీ గ్లాసు తెచ్చుకుని పక్కన కూర్చునేది. ఇద్దరూ డబ్బాలోకి, బావిలో పడిన బిందెను చూసినట్టు చూస్తుండేవాళ్ళు.

నాలుగు చినుకులు పడ్డాక ఒక పొద్దున డబ్బాలో పచ్చటి చుక్క కనిపించింది. చిన్నాయన అరిచిన అరుపుకు బోర్ల రెడ్డి కొళాయిలో నీళ్ళొచ్చాయేమోనని బిందెతో పరుగెత్తుకొచ్చాడట. మొక్క బాగా లేచింది. ఒక్కటే సమస్య. నేను కొండ నుంచి తెచ్చిన ఆకు కత్తిలా ఒంటిగా, పొడుగ్గా ఉండేది. ఈ మొక్కకు ఒక కాడకు మూడేసి గుండ్రటి ఆకులు, పట్టుకుంటే జిగురు. కొండ ఎక్కి దిగినవాణ్ణి, పత్రికలో ‘ప్రత్యేక పరిశీలన’ రాసేవాణ్ణి, నాకు అనుమానం రావాలి. వచ్చింది కూడా. చిన్నాయన దాన్ని ఒక్క దెబ్బతో తీసేశాడు. ‘దూడకు కొమ్ములుంటాయా? పెరిగినాక ఆకు మారుతాది.’ నేను చిన్నమ్మవైపు చూశాను. ఆమె మొక్కవైపు చూసింది, తర్వాత మెట్టు మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చున్న మొగుడివైపు చూసింది.

‘చిన్నప్పుడు ఇట్లే ఉంటాది నాయనా. నేను దాని కిందే గదా పెరిగింది, నాకు తెల్దా?’ అంది.

దానికి మించిన సాక్ష్యం ఏం కావాలి? నేను ఊరుకున్నాను. మొక్క జానెడైంది, జానెడున్నరైంది. వాసన మాత్రం రాలేదు. చిన్నాయన రోజూ ముక్కు పెట్టి చూసి, అంగడి తియ్యడానికి లేచిపోయేవాడు. డాక్టరు మాట ఒకవైపు తరుముకొస్తుంటే ఆయన మొహం రోజురోజుకూ చిన్నదవుతూ వచ్చింది. అట్లా కొన్ని వారాలు గడిచాక, ఒక పొద్దున చిన్నమ్మ ఆయనకంటే ముందు లేచి, పెరట్లో మొహం కడుక్కుని వచ్చి మెట్టు మీద కూర్చుంది. మొక్క ఆకును రెండు వేళ్ళతో నిమిరి, చెయ్యి ఆయన ముక్కు దగ్గర పెట్టింది.

‘సూడండి. వస్తాంది.’

చిన్నాయన ఆమె వేళ్ళు వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. ‘నిమ్మకాయ’ అన్నాడు. ‘కర్పూరం గూడా ఉండాది’ అన్నాడు. ఆయన గొంతు అంత మెత్తగా నేనెప్పుడూ వినలేదు. నేనూ చూశాను. నిజమే, ఆమె వేళ్ళ చివర ఆ కొండ మీది వాసనే. ఆయనే స్వయంగా ఆకు నలిపి చూసుకుంటే మాత్రం ఆవాలు నూరినట్టు ఘాటుగా తగిలి తుమ్మొచ్చింది. ‘మీ చెయ్యి మిరపకాయల్లో పెట్టి పెట్టి పాడైంది. దీనికి మెత్తటి చెయ్యి ఉండాల’ అని చిన్నమ్మ తేల్చేసింది. నేను నలిపినా అదే ఘాటు. నాది పేపరు ఇంకు చెయ్యి అంది.

అప్పట్నుంచి ఆ ఇంటి పద్ధతే మారిపోయింది. పొద్దున్నే చిన్నమ్మ మొహం కడుక్కుని రావడం, ఇద్దరూ మెట్టు మీద కూర్చోవడం, ఆమె చెయ్యి చాపడం, ఆయన కళ్ళు మూసుకుని వాసన చూడటం. తర్వాత ఏవేవో మాట్లాడుకునేవాళ్ళు. కొండ మీద పొగమంచు సంగతి, వాళ్ళ నాయన సోడా బుడ్డి పగిలి గెడ్డం తెగిన సంగతి, పెళ్ళిచూపుల్లో చిన్నాయన పళ్ళెంలో లడ్డును విరిచి లోపల రాళ్ళున్నాయేమోనని చూసిన సంగతి. ఇరవై ఏళ్ళకు పైగా పేరుకుపోయిన మాటలు. బయట జనం తలుపు కొట్టేవాళ్ళు. ‘శెట్టి ఏం జేస్తాండాడప్పా ఇంకా?’ అని ఒకరంటే, ‘వాసన సూస్తాండాడు’ అని ఇంకొకరు. కూర్చున్న చోటునుంచే చిన్నాయన ‘వస్తాండా, వస్తాండా’ అనేవాడు. లేచేవాడు కాదు.

ఆ రోజుల్లోనే చిన్నమ్మ రెండు చిత్రమైన కోరికలు కోరింది. చెత్త డబ్బా డ్రమ్ము వెనక పోయొద్దు, ఈగలు ముసురుతున్నాయి, అవతలి మూల పోయమంది. కన్ను తెగిన పాత జల్లెడ ఒకటి ఇమ్మంది. జల్లెడ అనేసరికి చిన్నాయన ఉలిక్కిపడి ‘దేనికి?’ అన్నాడు. ‘వడియాలకు’ అంది. వడియాలకూ జల్లెడకూ సంబంధమేమిటో మా ఇద్దరికీ తోచలేదు. అయినా ఇచ్చాడు.

ఒకరోజు బోర్ల రెడ్డి దండెత్తి వచ్చాడు. మొక్క వాసన ఊరంతా చెప్పుకుంటున్నారు, రేపు అది భూమిలోకి దిగితే తన గతేమిటని నిలదీయడానికి. నేరుగా వరండాలోకి వచ్చి, డబ్బా మీదికి వంగాడు. వంగినవాడు అట్లాగే ఆగిపోయాడు. నోరు తెరిచాడు. తలెత్తి చిన్నమ్మవైపు చూశాడు. చిన్నమ్మ తల అడ్డంగా, సన్నగా ఊపింది. రెడ్డి నోరు మూసుకున్నాడు. ‘ఊ… బాగుండాది’ అని తలపాగా సర్దుకుని పోయాడు. రోగిష్ఠి మనిషి ఎదురుగా తగువెందుకని తగ్గాడనుకున్నాను. ఆ పూటే నేను ‘కరువు సీమలో కొండ పరిమళం’ అని శీర్షిక పెట్టి, డబ్బాలోని మొక్క ఫోటో జతచేసి కడపకు పంపించాను. డెస్కులో ఉన్న పెద్దమనిషి ఫోను చేసి, ‘నాయనా, మీ చిన్నమ్మ నూనె డబ్బా జిల్లా పేజీకి ఎందుకు?’ అని అడిగాడు. నా వాక్యాలను చంపేసినందుకు ఆయన్ను చాలాకాలం తిట్టుకున్నాను. ఇప్పుడు ఆయన ఎక్కడున్నా చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను.

చలికాలం మొదలయ్యేసరికి మొక్క పసుపుపచ్చ పూలు పూసి, సన్నటి కాయలు కాసి, కింది నుంచి ఎండటం మొదలుపెట్టింది. చిన్నాయన కంగారు పడ్డాడు. ఎండ తగలకుండా గోనెసంచి కట్టాడు. తన స్నానానికి పెట్టుకున్న నీళ్ళు దానికి పోశాడు. ‘దాని వయసు అయిపోయిందిలెండి’ అంది చిన్నమ్మ. ‘వయసేంది, నూరేండ్లు బతికే చెట్టు’ అని ఆయన మొదటిసారి ఆమె మీద విసుక్కున్నాడు.  ఆకులన్నీ రాలిపోయి పుల్ల మిగిలినా ఆమె పొద్దున్నే చెయ్యి చాపుతూనే ఉంది. ఆ వేళ్ళకు వాసన వస్తూనే ఉంది. పుల్లకు కూడా అంత వాసన ఉంటుందా అని నాకు అనుమానం రాలేదంటే, నేనెంత గొప్ప విలేకరినో మీరే ఆలోచించండి.

కాళ్ళు వాచాక ఆమె మెట్టు దాకా రాలేకపోయింది. చిన్నాయన మంచం వరండాలోకి మార్చాడు. పెరట్లోకి పట్టుకుని నడిపిస్తానంటే ‘మొగం కడుక్కునేదానికి తోడెందుకు’ అని గోడ పట్టుకుని ఒక్కతే పోయివచ్చేది. చివరి రెండు మూడు రోజులు అదీ లేదు. చెయ్యి చాపలేదు. అయినా ఆయన ఆమె అరచెయ్యి తీసుకుని మొహానికి ఆనించుకుని కూర్చున్నాడు. అంగడి తీయలేదు. వీధిలో ఎవరూ తలుపు కొట్టలేదు. ధనుర్మాసంలో ఒక పొద్దున, కాఫీ పొంగే వేళకు, ఆమె పోయింది. ఆయన మొహం వైపే చూస్తూ పోయింది.

పెద్దకర్మ అయ్యి బంధువులంతా వెళ్ళాక చిన్నాయన అంగడి తెరిచాడు. తెల్లవారకముందే తెరిచాడు, పాతకాలంలోలాగా. ఎండుపుల్లకు చెంబుతో నీళ్ళు పోశాడు. తర్వాత రేకు డబ్బా పట్టుకుని పెరట్లోకి పోయాడు, పాత అలవాటున డ్రమ్ము వెనకవైపే. ఎంతసేపటికీ రాలేదు. నేను వెళ్ళి చూద్దును గదా, ఆయన డ్రమ్ముకూ గోడకూ మధ్య సందులో నేల మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా మోకాలెత్తు మొక్క. ఒంటి ఆకులు, పొడుగ్గా, వాటి మీద సన్నటి నూగు. విరిగిన గొడుగు ఊచ ఒకటి పక్కన పాతి, చిన్నమ్మ నీలం చీర అంచు చింపిన పేలికతో మొక్కను దానికి కట్టి ఉంది. చుట్టూ మేకలు, కోళ్ళు తాకకుండా పాత జల్లెడ చట్రం. కింది ఆకులు చాలా తుంచి ఉన్నాయి.

చిన్నాయన ఒక ఆకు తుంచి, నలిపి, వాసన చూసుకున్నాడు. తన చేత్తోనే, ఆ మిరపకాయల చేత్తోనే. నాకు దూరం నుంచే వాసన తగిలింది. ఆయన నావైపు తిరక్కుండా అన్నాడు:

‘ఎలుక పెంటికలనుకుంటి గదప్పా.’

నాకు నవ్వొచ్చింది. నిజంగానే వచ్చింది. అది వచ్చిన చోటే ఇంకేదో అయిపోయి, నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను.

ఆ సాయంత్రం బోర్ల రెడ్డి వచ్చి మెట్టు మీద, డబ్బా పక్కన కూర్చున్నాడు. ఆయనే మొదలుపెట్టాడు. ‘అది కుక్కవామింట శెట్టీ, ఉత్త కలుపు మొక్క. నా చేను మట్టిలోంచి లేసిందే, నువ్వు సల్లిన గింజ కాదు. ఆ పొద్దు సూడంగానే సెప్పబోతి. ఆయమ్మ తలూపి వద్దనె. మర్నాడు నీళ్ళకు పోతాంటే పిలిచి సెప్పింది. బియ్యం కడిగిన నీళ్ళు పోస్తాంటే నిజం మొక్క కనపడిందంట. మరి శెట్టికి సెప్పమ్మా, సంతోషపడతాడు అంటి.’

‘ఏమనె?’ అన్నాడు చిన్నాయన.

‘మొక్క దొరికిందంటే ఆయనే ఆకు నలుపుకుని అంగడికి పోతాడన్నా, కొన్నాళ్ళు నా చేతిలోనే ఎతకనీ అనె.’

చిన్నాయన తల వంచుకుని డబ్బాలోని పుల్లను చూస్తూ ఉండిపోయాడు. తర్వాత లేచి, వెయ్యాల్సిన వేళ ఇంకా కాకముందే అంగడి తలుపులు వేసేశాడు.

నేను తర్వాత కర్నూలుకు, అక్కడినుంచి ఇంకో ఊరికి మారాను. డెస్కులో కూర్చుని కుర్ర విలేకరుల వాక్యాలు చంపే వయసు వచ్చింది, అదీ దాటిపోతోంది. వేంపల్లెలో ఆ చెట్టు ఇప్పుడు డాబా దాటి పోయింది, మాను సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. వీధిలో ఎవరి బోరు ఎండినా దాని మీదే నెపం పెడతాడు బోర్ల రెడ్డి. పెట్టి, దాని నీడలోనే కుర్చీ వేసుకుంటాడు. చిన్నాయన అంగడి ఆరోజు నుంచి ఈరోజు దాకా ఊళ్ళో అన్నిటికన్నా ఆలస్యంగా తెరుచుకుంటుంది. పొద్దున్నే ఆయన మెట్టు మీద కూర్చుని, ఒక ఆకు నలుపుకుని, రెండు వేళ్ళు మొహం దగ్గర పెట్టుకుంటాడు. నేను పోయినప్పుడల్లా జీలకర్ర కట్టినట్టు కాగితంలో నాలుగాకులు పొట్లం కట్టి ఇస్తాడు. జల్లెళ్ళు ఇంకా గోడకే ఉన్నాయి, కానీ ఆయన చూపు మందగించింది. మా అంగట్లో రాయుండదని ఇప్పుడు ఎవరితోనూ అనడు.

నాకూ ఒక అలవాటు మిగిలిపోయింది. ఇంట్లో బియ్యం ఏరుతూ చేటలో ఎక్కడైనా నల్లటి వంకర పలుకు కనిపిస్తే వెంటనే పారెయ్యలేను. అరచేతిలో వేసుకుని, కళ్ళద్దాలు పైకి తోసి, వెలుతురు దగ్గరికి తీసుకుపోయి చూస్తూ నిలబడతాను. మా ఇంటావిడ వంటింట్లోంచి తొంగి చూసి, ‘అది ఎలుకదే, చెయ్యి కడుక్కోండి’ అంటుంది. ఇన్నేళ్ళలో ప్రతిసారీ ఆమె చెప్పిందే నిజమైంది. అయినా నేను ఇంకోసారి చూసి గానీ చెయ్యి కడుక్కోను.